పురుగుల మాక్రో ఫొటోలకు ఏ సామాను కొనాలి?

"మాక్రో లెన్స్ ఏది కొనమంటారు?" అని ఎవరైనా అడిగితే, ఏ పురుగును తీయాలని ఉందో చెప్పమని తిరిగి అడుగుతాను. చెరువు గట్టున గడ్డిపరక చివర వాలే తూనీగనా? గోడ మీద గంతులు వేసే చిన్న సాలీడునా? తొలకరి పడగానే ఎర్రమట్టి మీద పాకే ఆరుద్ర పురుగునా? కుండీలో కరివేపాకు మొక్క మీద మేస్తున్న గొంగళిపురుగునా? ఈ నాలుగూ నాలుగు రకాల పనులు. తూనీగ మనల్ని చాలా దూరంలోనే ఆపేస్తుంది. సాలీడు దగ్గరికి రానిస్తుంది గానీ దాని ఒళ్లంతా కలిపి అర సెంటీమీటరు ఉంటుంది. ఆరుద్ర పురుగు ఒకచోట నిలవదు, మనమే నేలకు మోచేతులు ఆనించి పడుకోవాలి. గొంగళిపురుగు ముందు గంటసేపు కూర్చున్నా దాని మేత అది మేస్తూనే ఉంటుంది.

సాలీడుకూ ఆరుద్ర పురుగుకూ ఎనిమిది కాళ్లు. శాస్త్రం లెక్కలో అవి కీటకాలు కావు. అయినా కెమెరా పట్టుకుని చెట్ల వెంట తిరిగేవాళ్లం అన్నిటినీ పురుగులనే అంటాం కాబట్టి ఇక్కడా అలాగే రాస్తున్నాను.

మొదలుపెట్టేవాళ్లలో చాలామంది ఉన్న డబ్బంతా లెన్స్ మీద పెట్టేసి వెలుగు సంగతి మర్చిపోతారు. నేనూ మొదటి రెండేళ్లు అదే చేశాను. అందుకే ఈ పోలికలో లెన్సులతో పాటు ఫ్లాష్‌కూ, దాని వెలుగును మెత్తబరిచే డిఫ్యూజర్‌కూ బాగా చోటిచ్చాను.

## ముందు తేల్చుకోవాల్సినవి

మొదటిది, ఎంత పెద్దగా కనిపించాలి. 1:1 అంటే పురుగు ఎంత ఉందో సెన్సర్ మీద దాని బొమ్మ కూడా అంతే పడుతుందని అర్థం. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ వెడల్పు 36 మిల్లీమీటర్లు, ఏపీఎస్-సీ సెన్సర్ వెడల్పు సుమారు 23. అంటే ఏపీఎస్-సీ కెమెరాలో 1:1 దగ్గర 4 మిల్లీమీటర్ల చీమ ఫ్రేమ్‌లో ఆరో వంతు మాత్రమే ఆక్రమిస్తుంది. అదే నాలుగు సెంటీమీటర్ల తూనీగ ఫ్రేమ్‌లో పట్టనే పట్టదు. తూనీగకు, సీతాకోకచిలుకకు అర రెట్టు కూడా చాలు. చీమకు, గంతులేసే సాలీడుకు 2 రెట్లు కావాలి.

రెండోది దూరం. లెన్స్ ముందు అంచుకూ పురుగుకూ మధ్య మిగిలే ఖాళీని వర్కింగ్ డిస్టెన్స్ అంటారు. లెన్సుల డబ్బాల మీద రాసే కనీస ఫోకస్ దూరం వేరు. అది సెన్సర్ దగ్గర నుంచి కొలిచింది. 30 సెంటీమీటర్లు అని రాసి ఉన్న 100 ఎంఎం మాక్రో లెన్స్‌తో 1:1 తీసేటప్పుడు పురుగుకూ గాజుకూ మధ్య నిజంగా మిగిలేది 14, 15 సెంటీమీటర్లే. ఆ ఖాళీలోనే ఫ్లాష్ వెలుగు కూడా దూరి పురుగు మీద పడాలి.

మూడోది వెలుగు. లెన్స్‌ను ముందుకు జరిపి పెద్దది చేసే పద్ధతుల్లో మాగ్నిఫికేషన్ (ఎన్ని రెట్లు పెద్దదన్నది) పెరిగినకొద్దీ వెలుగు తగ్గుతుంది. లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రమే ఎపర్చర్, ఎఫ్ అంకె పెరిగితే అది చిన్నదవుతుంది. ఎఫ్ 11 పెట్టి 1:1 దగ్గర తీస్తే సెన్సర్‌కు అందేది ఎఫ్ 22 అంత వెలుగే. 2 రెట్ల దగ్గరైతే ఎఫ్ 33 అంత. అలాగని ఎపర్చర్ బాగా తెరుద్దామంటే ఫోకస్‌లో ఉండే మందం పోతుంది. ఫుల్ ఫ్రేమ్ మీద 1:1 దగ్గర ఎఫ్ 11తో దక్కేదే ఒకటింబావు మిల్లీమీటరు. 2 రెట్ల దగ్గర అర మిల్లీమీటరు. కన్ను ఫోకస్‌లో ఉంటే మీసాలు ఉండవు. ఎపర్చర్‌ను ఇంకా మూసేస్తే మందం పెరుగుతుంది గానీ డిఫ్రాక్షన్ (సన్నటి రంధ్రంలో వెలుగు చెదరడం) వల్ల ఫొటో మొత్తం మెత్తబడి, వెంట్రుకల్లాంటి వివరాలు పోతాయి. 1:1 దగ్గర ఎఫ్ 8 నుంచి 11, 2 రెట్ల దగ్గర ఎఫ్ 5.6 నుంచి 8 నాకు కుదిరిన లెక్క.

నాలుగోది, బయట ఎంత చప్పున పని జరుగుతుందన్నది. లెన్స్ ఊడదీసి, రింగ్ బిగించి, ఎపర్చర్ సరిచేసుకునేలోపు పురుగు ఎగిరిపోతే ఎంత మంచి సామాను ఉండీ ఉపయోగం లేదు.

ఐదోది డబ్బు. ధరలు మారుతుంటాయి కాబట్టి కింది పట్టికలో అంచనా మాత్రమే ఇస్తున్నాను.

| దారి | మాగ్నిఫికేషన్ | పురుగుకు దూరం | బయట వాడటం | ఖర్చు |
|---|---|---|---|---|
| ఫోన్ | తక్కువ, కొన్నిటిలో మధ్యస్థం | 2 సెం.మీ. నుంచి | చాలా తేలిక | ఉన్న ఫోనే, లేదా కొన్ని వందల క్లిప్ లెన్స్ |
| రేనాక్స్ డీసీఆర్-150, జూమ్ లెన్స్ మీద | 250 ఎంఎం దగ్గర 1.2 రెట్లు | సుమారు 20 సెం.మీ. | తేలిక | వేలల్లో |
| రేనాక్స్ డీసీఆర్-250, జూమ్ లెన్స్ మీద | 250 ఎంఎం దగ్గర 2 రెట్లు | సుమారు 12 సెం.మీ. | తేలిక | వేలల్లో |
| 50 ఎంఎం లెన్స్, ఎక్స్‌టెన్షన్ ట్యూబులు | 1 రెట్టు, అంతకు కాస్త పైన | 5, 6 సెం.మీ. | మధ్యస్థం | వెయ్యి లోపు నుంచి కొన్ని వేలు |
| రివర్స్ చేసిన 28 ఎంఎం | 2 రెట్లు దాటి | 4, 5 సెం.మీ. | కష్టం | రింగ్ కొన్ని వందలు |
| 90 నుంచి 105 ఎంఎం మాక్రో లెన్స్ | 1 రెట్టు | 13 నుంచి 15 సెం.మీ. | చాలా తేలిక | పాతికవేల నుంచి లక్ష దాకా |

## రేనాక్స్: అందరికీ నేను ముందు చెప్పేది

కెమెరాతో పాటు 55-250 లేదా 70-300 లాంటి జూమ్ లెన్స్ ఇంట్లో ఉన్నవాళ్లు చాలామంది. దాని ముందు భాగానికి బట్టల క్లిప్పులా తగిలించే చిన్న గాజు రేనాక్స్. 52 నుంచి 67 ఎంఎం ఫిల్టర్ సైజు ఉన్న లెన్సులన్నిటికీ ఒకే క్లిప్పు సరిపోతుంది. బజారులో మూడు నాలుగు గాజుల సెట్టుగా తక్కువ ధరకు దొరికే క్లోజప్ ఫిల్టర్లతో దీన్ని కలపకండి. వాటిలో ఉండేది ఒకే పలక గాజు. అంచుల్లో ఊదా, ఆకుపచ్చ గీతలు వస్తాయి. రేనాక్స్‌లో ఆ రంగుల తేడాను సరిచేసేలా గాజులు జతచేసి ఉంటాయి.

లెక్క సులువు. డీసీఆర్-250 పవర్ 8 డయాప్టర్లు, డీసీఆర్-150ది 4.8. జూమ్ లెన్స్‌ను ఇన్ఫినిటీకి (అతి దూరానికి) ఫోకస్ చేసి, ఫోకల్ లెంగ్త్‌ను (లెన్స్ మీద రాసే ఎంఎం అంకెను) డయాప్టర్లతో గుణించి వెయ్యితో భాగిస్తే మాగ్నిఫికేషన్ వస్తుంది. 250 ఎంఎం దగ్గర మొదటిదానితో 2 రెట్లు, రెండోదానితో 1.2. జూమ్‌ను 100కు తగ్గిస్తే మొదటిదే 0.8 అవుతుంది. పురుగు ఎగరకుండా కూర్చుని ఉంటే జూమ్ తిప్పుతూ ముందు మొత్తం ఒళ్లు, తర్వాత ముఖం తీసుకోవచ్చు. మామూలు మాక్రో లెన్స్‌తో మనం కదలకుండా ఈ పని చేయలేం. 100 కంటే బాగా కిందికి వస్తే ఫ్రేమ్ మూలలు నల్లబడతాయి.

ఇందులో వెలుగు నష్టపోయేదీ లేదు, ఎపర్చర్ కెమెరా నుంచే పనిచేస్తుంది. సీతాకోకచిలుక కనిపిస్తే ఒక్క నొక్కు నొక్కి క్లిప్పు తీసేస్తే మామూలు జూమ్ అయిపోతుంది. రెండింట్లో ఏదంటే, తూనీగలు, సీతాకోకచిలుకలు, జిల్లేడు మిడతల కోసమైతే 150. చీమలు, సాలీళ్లు, ఈగల కళ్లు కావాలంటే 250. తటపటాయిస్తూ ఉంటే 150తో మొదలుపెట్టండి. 250కి అలవాటు పడాలంటే చెయ్యి కాస్త నిలకడగా ఉండాలి. మొదటి వారంలోనే విసుగొచ్చి పక్కన పెట్టేసినవాళ్లను చూశాను.

లోపం కూడా ఉంది. జూమ్ లెన్స్ ఎంత పదునైనదో ఫొటో అంతే పదునుగా వస్తుంది. కిట్ జూమ్ 250 చివర కాస్త మెత్తగా ఉంటే రేనాక్స్ దాన్ని బాగుచేయదు. ఫోకస్ చేయగలిగిన దూరం కూడా చాలా కొద్ది మేరే. చూపు పెట్టి కెమెరాను ముందుకూ వెనక్కూ జరుపుతూ పట్టుకోవాలి.

## ఎక్స్‌టెన్షన్ ట్యూబులు

లోపల గాజు లేని ఖాళీ గొట్టాలివి. లెన్స్‌కూ కెమెరాకూ మధ్య బిగిస్తారు. ట్యూబు పొడవును ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే పెరిగే మాగ్నిఫికేషన్ వస్తుంది. 50 ఎంఎం లెన్స్‌కు 36 ఎంఎం ట్యూబు పెడితే 0.72 పెరుగుతుంది. అదే ట్యూబును 250 ఎంఎం జూమ్‌కు పెడితే పెరిగేది 0.14 మాత్రమే. కాబట్టి మీ దగ్గర 50 ఎంఎం ఎఫ్ 1.8 ఉంటేనే ట్యూబుల గురించి ఆలోచించండి.

కొనేటప్పుడు మాత్రం ఒకటి గట్టిగా చూసుకోవాలి. లోపల ఎలక్ట్రానిక్ కాంటాక్టులు ఉన్నవే తీసుకోండి. కాంటాక్టులు లేని చవక ట్యూబులు పెడితే కెనాన్ ఈఎఫ్ లెన్సుల ఎపర్చర్‌ను కెమెరా మార్చలేదు, సాధారణంగా పూర్తిగా తెరుచుకునే ఉండిపోతుంది. నికాన్ జీ లెన్సుల్లో దానికి సరిగ్గా వ్యతిరేకం, పూర్తిగా మూసుకుపోయి వ్యూఫైండర్ చీకటవుతుంది. కెంకో కంపెనీ 12, 20, 36 ఎంఎం సెట్టు కాంటాక్టులతోనే వస్తుంది.

50 ఎంఎంతో 1:1 తీయాలంటే పురుగుకు అయిదారు సెంటీమీటర్ల దగ్గరికి వెళ్లాలి. మన నీడే దాని మీద పడుతుంది. బెదరని పురుగులకు సరే గానీ తూనీగలకు పనికిరాదు.

## లెన్స్ తిప్పి బిగించడం

మూడు నాలుగు వందల రూపాయల రివర్స్ రింగ్‌తో లెన్స్‌ను వెనక్కి తిప్పి బిగిస్తే, మొదటిసారి ఈగ కన్నులోని వందల చిన్న కళ్లు తెర మీద కనిపించినప్పుడు కలిగే ఆశ్చర్యం వేరు. ఇంత తక్కువ డబ్బుతో ఇంత మాగ్నిఫికేషన్ ఇచ్చేది ఇంకేదీ లేదు. 50 ఎంఎం తిప్పితే దాదాపు 1 రెట్టు, 28 ఎంఎం తిప్పితే 2 రెట్లు దాటుతుంది, కిట్ లెన్స్‌ను 18 ఎంఎం దగ్గర తిప్పితే 3 రెట్ల పైనే.

కష్టాలూ ఎక్కువే. తిప్పిన లెన్స్‌కు కెమెరాతో సంబంధం తెగిపోతుంది. ఫోకస్ లేదు, ఎపర్చర్ మార్చే మార్గం లేదు. ఎపర్చర్ రింగ్ ఉన్న పాత ఫిల్మ్ కాలం లెన్స్ దొరికితే సగం కష్టం తీరినట్టే. నికాన్, పెంటాక్స్, యాషికా పాత 50 ఎంఎం, 28 ఎంఎం లెన్సులు సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతుంటాయి, ఇంట్లో తాతల నాటి బీరువాల్లోనూ ఉంటాయి. కెనాన్ ఈఎఫ్ లెన్స్ ఒక్కటే ఉంటే, మామూలుగా బిగించి ఎఫ్ 8 పెట్టి, డెప్త్ ప్రివ్యూ బటన్ నొక్కి పట్టుకుని లెన్స్ ఊడదీస్తే ఎపర్చర్ అక్కడే ఆగిపోతుంది.

మిర్రర్‌లెస్ కొన్నవాళ్లకు ఒక మాట. పాత ఎస్‌ఎల్‌ఆర్ లెన్సులను తిప్పితే పురుగుకు నాలుగైదు సెంటీమీటర్ల ఖాళీ దొరకడానికి కారణం, ఆ లెన్సులు సెన్సర్‌కు అంత దూరంలో కూర్చునేలా తయారవడం. నికాన్ ఎఫ్ మౌంట్‌లో (లెన్స్ బిగించే అమరికలో) ఆ దూరం 46.5 ఎంఎం, కెనాన్ ఈఎఫ్‌లో 44. సోనీ ఈ మౌంట్‌లో 18, కెనాన్ ఆర్ఎఫ్‌లో 20. అందుకే మిర్రర్‌లెస్ లెన్సులను తిప్పితే పురుగు గాజుకు తగిలేంత దగ్గరికి వచ్చేస్తుంది. మీ కెమెరా కొత్తదైనా తిప్పే లెన్స్ మాత్రం పాతదే కావాలి. ఎలక్ట్రానిక్ వ్యూఫైండర్ వల్ల మీకు లాభం కూడా ఉంది, ఎఫ్ 8 పెట్టినా తెర వెలుగుగానే ఉంటుంది.

తిప్పినప్పుడు లెన్స్ వెనక గాజు బయటికి వస్తుందని మర్చిపోకండి. దుమ్ము, పూల పుప్పొడి, ఒక్కోసారి చీమలు కూడా దాని మీదికి ఎక్కుతాయి.

## మాక్రో లెన్స్

డబ్బు ఉండి, ఈ పని వదలనని నమ్మకం ఉంటే మాక్రో లెన్స్‌కు సాటి లేదు. ఇన్ఫినిటీ నుంచి 1:1 దాకా ఏదీ తగిలించకుండా, తీసేయకుండా ఫోకస్ అవుతుంది. అదే లెన్స్‌తో పెళ్లిలో పోర్ట్రెయిట్లు తీయొచ్చు, ముగ్గులు, నగలు తీయొచ్చు. పదును విషయంలో దాదాపు ఏ కంపెనీ మాక్రో లెన్స్ అయినా బాగానే ఉంటుంది. అందుకే కంపెనీ కంటే ముందు ఫోకల్ లెంగ్త్ ఎంచుకోండి.

60 ఎంఎం తేలిక, చవక. కానీ 1:1 దగ్గర దక్కేది 9 సెంటీమీటర్ల లోపు. పూలు, పుట్టగొడుగులు, నెమ్మదైన పురుగులకు చాలు. ఒలింపస్ 60 ఎంఎం ఈ లెక్కలో వేరు. చిన్న సెన్సర్ వల్ల అదే 1:1 దగ్గర ఫ్రేమ్ వెడల్పు 17 మిల్లీమీటర్లే, అంటే చూడటానికి ఫుల్ ఫ్రేమ్‌లో 2 రెట్లు తీసినట్టే ఉంటుంది. బరువు తక్కువ, కొత్త ఒలింపస్ (ఇప్పుడు ఓఎం సిస్టమ్) కెమెరాల్లో ఫోకస్ బ్రాకెటింగ్ (ఫోకస్ జరుపుతూ వరసగా ఫొటోలు తీయడం) కెమెరాలోనే ఉంటుంది. కొండలెక్కి తిరిగేవాళ్లు దీన్ని గట్టిగా పరిశీలించాలి.

90 నుంచి 105 ఎంఎం మధ్య లెన్సులే ఎక్కువమందికి సరిపోయేవి. టామ్రాన్ 90, టోకినా 100, సిగ్మా 105, కెనాన్ 100, నికాన్ 105, వీటిలో మీ మౌంట్‌కు దొరికేది, మీ డబ్బుకు అందేది తీసుకోండి. చేతి వణుకును సరిచేసే స్టెబిలైజేషన్ కోసం అదనంగా చాలా డబ్బు పెట్టకండి. 1:1 దగ్గరికి వచ్చేసరికి దాని ప్రభావం బాగా తగ్గిపోతుంది, పైగా ఫ్లాష్‌తో తీసేవాళ్లకు దాని అవసరం పెద్దగా రాదు.

150, 180 ఎంఎం లెన్సులు తూనీగల కోసం పుట్టినట్టుంటాయి. కెనాన్ 180 ఎంఎంతో 1:1 దగ్గర సుమారు 24 సెంటీమీటర్ల ఖాళీ మిగులుతుంది, వెనక పచ్చదనం మొత్తం ఒకే రంగులా కరిగిపోతుంది. కానీ బరువు, ధర రెండూ ఎక్కువ. తూనీగలే మీ ప్రాణమైతే తప్ప డీసీఆర్-150తో సరిపెట్టుకోవచ్చు.

2 రెట్ల దాకా వెళ్లే లావోవా లెన్సులు ఈమధ్య చాలామంది చేతుల్లో కనిపిస్తున్నాయి. వాటిలో ఎక్కువ వాటికి ఆటో ఫోకస్ ఉండదు. పురుగుల విషయంలో అది లోటు కాదు. 1:1 దాటాక ఎలాగూ ఫోకస్‌ను లెన్స్ మీద కట్టేసి మనమే ముందుకూ వెనక్కూ ఊగుతూ తీస్తాం.

సెకండ్ హ్యాండ్ మాక్రో లెన్స్ కొనేవాళ్లు టార్చిలైటు లేకుండా దుకాణానికి వెళ్లకండి. ఒకసారి నేను బయట నుంచి మెరుస్తున్న 100 ఎంఎం లెన్స్‌ను చూసి మురిసిపోయి కొన్నాను. ఇంటికొచ్చి రెండు వైపులా మూత తీసి వెనక నుంచి లైటు వేస్తే లోపలి గాజు మీద సాలెగూడులా ఫంగస్ పాకి ఉంది. శుభ్రం చేయించడానికి అయిన ఖర్చుతో ఇంకొంచెం కలిపితే కొత్తదే వచ్చేది. కాకినాడ, విశాఖ లాంటి సముద్రపు ఊళ్లలో ఉండేవాళ్లు గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ వేసి, చవక తేమ మీటరు ఒకటి పెట్టి, తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చూసుకోవాలి.

## ఫోన్

2021లో ఐఫోన్ 13 ప్రో 2 సెంటీమీటర్ల దూరంలో ఫోకస్ చేయడం మొదలుపెట్టాక ఖరీదైన ఫోన్లలో మాక్రో మామూలైంది. అల్ట్రా వైడ్ లెన్స్‌తో తీసే ఆ ఫొటోల్లో ఒక అందం ఉంది. పురుగుతో పాటు దాని చుట్టూ ఉన్న చేను, ఆకాశం కూడా వస్తాయి. పెద్ద లెన్సులతో అది కుదరదు. ఇబ్బంది ఏమిటంటే ఫోన్ నీడ పురుగు మీద పడుతుంది, 2 సెంటీమీటర్లకు ఎగిరే పురుగు ఏదీ ఆగదు. టెలిఫొటో (దూరపువాటిని దగ్గరగా చూపే) కెమెరాతో దగ్గరగా ఫోకస్ చేసే ఫోన్లు ఈ పనికి మేలు.

చవక ఫోన్లలో 2 మెగాపిక్సెల్ మాక్రో కెమెరా అని రాసి ఉంటే దాన్ని లెక్కలోకి తీసుకోకండి. అదే ఫోన్ మెయిన్ కెమెరాకు మంచి క్లిప్ లెన్స్ తగిలిస్తే దానికంటే ఎన్నో రెట్లు బాగుంటుంది.

## వెలుగు: అసలు తేడా ఇక్కడే

ఒకే చెట్టు కింద ఇద్దరు నిలబడ్డారనుకోండి. ఒకరి దగ్గర లక్ష రూపాయల మాక్రో లెన్స్ ఉంది, ఫ్లాష్ లేదు. ఇంకొకరి దగ్గర కిట్ జూమ్, రేనాక్స్, మాన్యువల్ ఫ్లాష్, దాని మీద ఇంట్లో చేసిన డిఫ్యూజర్ ఉన్నాయి. మధ్యాహ్నం మూడింటికి చీమను తీయమంటే రెండో ఫొటోయే పదునుగా వస్తుంది. కారణం ఫ్లాష్ వెలిగే సమయం. మామూలు స్పీడ్‌లైట్‌ను (కెమెరా మీద పెట్టే ఫ్లాష్‌ను) 16వ వంతు పవర్‌లో పెడితే దాని మెరుపు దాదాపు సెకనులో పదివేలవ వంతు మాత్రమే ఉంటుంది. గాలికి ఆకు ఊగినా, మన చెయ్యి వణికినా అంత తక్కువ సమయంలో కదలిక పడదు.

నా మొదటి సెట్టింగులు ఇవి: మాన్యువల్ మోడ్, షట్టర్ సెకనులో 200వ వంతు, ఎఫ్ 8 లేదా 11, ఐఎస్ఓ (వెలుగుకు సెన్సర్ స్పందించే స్థాయి) 200, ఫ్లాష్ 16వ వంతు. ఒక ఫొటో తీసి, చీకటిగా ఉంటే ఫ్లాష్ 8వ వంతుకు. వెనక నల్లగా వస్తోందంటే ఫ్లాష్ వెలుగు దూరం వెళ్లేసరికి పడిపోతోందని అర్థం. ఐఎస్ఓ 400, 800కు పెంచండి, లేదా పురుగు వెనకే ఆకు ఉండేలా కోణం మార్చండి.

ఏ ఫ్లాష్? గోడాక్స్ టీటీ600 లాంటి మాన్యువల్ ఫ్లాష్ ఒక్కటి చాలు, కెమెరాయే పవర్ నిర్ణయించే ఆటోమేటిక్ టీటీఎల్ అవసరం లేదు. రింగ్ ఫ్లాష్ పురుగులకు నేను చెప్పను. వెలుగు అన్ని వైపుల నుంచి సమానంగా పడి పురుగు చదునుగా కనిపిస్తుంది, కళ్ల మీద గుండ్రని ఉంగరం లాంటి మెరుపు పడుతుంది. రెండు తలల ట్విన్ ఫ్లాష్ చక్కటి లోతు ఇస్తుంది, కానీ డిఫ్యూజర్ లేకుండా వాడితే రెండు తెల్లటి చుక్కలు. ఎల్ఈడీ లైటు ఫోకస్ చూసుకోవడానికి పనికొస్తుంది. దాని వెలుగుతోనే ఫొటో తీద్దామంటే అది కదలికను ఆపేంత బలంగా ఉండదు.

డిఫ్యూజర్ లేని ఫ్లాష్‌తో పెంకుపురుగును తీసి చూడండి. ఆకుపచ్చగా, నీలంగా మెరిసే దాని వీపు మీద ఒక తెల్లటి మచ్చ తప్ప రంగు కనిపించదు. మెరిసే ఒళ్లు అద్దం లాంటిది, ఎదురుగా ఉన్న దీపం ఎంత ఉంటే అంతే చూపిస్తుంది. దీపం పెద్దదైతే మెరుపు మెత్తగా పరుచుకుని రంగు బయటపడుతుంది. అందుకే డిఫ్యూజర్ వీలైనంత పెద్దదిగా, పురుగుకు వీలైనంత దగ్గరగా ఉండాలి. టీవీ, ఫ్రిజ్ చుట్టూ వచ్చే తెల్లటి పలుచని ఫోమ్ షీటును లెన్స్ చుట్టూ గొడుగులా వంచి, ఫ్లాష్ తలకు రబ్బరు బ్యాండుతో కట్టండి. లోపల ఒక వరస ట్రేసింగ్ పేపర్ పెడితే ఇంకా మెత్తబడుతుంది. నా దగ్గర ఇప్పుడున్నది ఎన్నోసారి చేసిందో లెక్క లేదు. ప్రతిసారీ ఇంకాస్త ముందుకు, పురుగు మీదికి వంచుతూ వచ్చాను.

ఆరుద్ర పురుగు మీద మాత్రం జాగ్రత్త. ఆ ముఖమల్ ఎరుపు కెమెరాలోని రెడ్ చానల్‌ను నింపేసి, వెంట్రుకలన్నీ ఒకే ఎర్ర ముద్దగా వస్తాయి. ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ (సగం వెలుగు) తగ్గించి, రా ఫైలులో (కెమెరా మార్పులు చేయని ఫైలులో) తీయండి.

సహజ వెలుగు అందంగా ఉండే వేళ ఒకటుంది. అరకు, మారేడుమిల్లి, లంబసింగి వైపు చలికాలం తెల్లవారుజామున తూనీగలు మంచు బిందువులతో తడిసి, ఒళ్లు వేడెక్కక ఎగరలేక ఉంటాయి. గాలి ఆడదు. ట్రైపాడ్ వేసి, నెమ్మదిగా షట్టర్ పెట్టి తీసుకోవచ్చు. ఎండ పొద్దెక్కాక ట్రైపాడ్ కాళ్లు సర్దుకునేలోపే పురుగు ఉండదు, అప్పుడు చేత్తో పట్టుకుని ఫ్లాష్‌తోనే.

## ఒక్క ఫొటోనా, స్టాకింగా?

ఫోకస్‌ను కొద్దికొద్దిగా జరుపుతూ పది పదిహేను ఫొటోలు తీసి హెలికాన్ ఫోకస్, జెరీన్ స్టాకర్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో కలిపితే కన్ను, మీసం, కాలు అన్నీ పదునుగా వస్తాయి. కదలని పురుగు, గాలి లేని ఉదయం ఉంటే చేత్తో పట్టుకునే చేయవచ్చు. మధ్యలో మీసం కదిలితే రెండు మీసాలు వస్తాయి. స్టాకింగ్ మీదే ఆశ పెట్టుకునే కంటే ముందు ఒక్క ఫొటోలోనే కన్నూ వీపూ ఒకే తలంలో ఉండేలా కెమెరాను పురుగుకు సమాంతరంగా పట్టుకోవడం నేర్చుకోండి. ఎడమ చేత్తో పురుగున్న కొమ్మను పట్టుకుని, అదే చేతి మీద లెన్స్ ఆనిస్తే రెండూ కలిసి ఊగుతాయి. నాకు ఈ ఒక్క అలవాటు వల్ల పాడయ్యే ఫొటోలు సగానికి సగం తగ్గాయి.

స్టాకింగ్ కోసం పురుగును ఫ్రిజ్‌లో పెట్టి చల్లబరచడం, కాళ్లకు జిగురు పూయడం చేస్తారు కొందరు. దయచేసి చేయకండి. పులుల అభయారణ్యాల్లో, నల్లమల లాంటి చోట్ల అటవీశాఖ అనుమతి తీసుకునే తిరగండి. కొన్ని సీతాకోకచిలుకలకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది, పట్టి తేవడం నేరం. వానాకాలం గడ్డిలో మోకాళ్ల మీద కూర్చునేవాళ్లు బూట్లు వేసుకోవడం మర్చిపోవద్దు. మనం చూసేది పురుగునే, పక్కన పాము ఉన్నా కనిపించదు.

## మీరు ఎవరైతే ఏది

కిట్ లెన్సులతో డీఎస్ఎల్ఆర్ ఉన్న విద్యార్థి: డబ్బు లేకపోతే రివర్స్ రింగ్, పాత 50 ఎంఎం, కెమెరా మీదున్న చిన్న ఫ్లాష్‌కే ఫోమ్ షీటు. కాస్త డబ్బు చేరాక మొదట మాన్యువల్ ఫ్లాష్, తర్వాత రేనాక్స్. ఈ వరస మార్చకండి.

ఉద్యోగం చేస్తూ ఆదివారాలు అనంతగిరికో చెరువు గట్లకో వెళ్లేవాళ్లు: 100 ఎంఎం ప్రాంతంలో ఒక మాక్రో లెన్స్, ఫ్లాష్, డిఫ్యూజర్. ఏడాది తర్వాత 1:1 చాలట్లేదనిపిస్తే అదే లెన్స్ ముందు డీసీఆర్-250 తగిలించండి, 1:1 దాటి దాదాపు 2 రెట్లకు చేరుతుంది.

చేలలో పురుగులను గుర్తుపట్టడానికి ఫొటోలు కావాల్సిన రైతులు, వ్యవసాయ విద్యార్థులు: అందం కంటే స్పష్టత ముఖ్యం. ఫోన్‌కు మంచి క్లిప్ లెన్స్ పెట్టుకుని, ఒకే పురుగును పైనుంచి, పక్కనుంచి, ముఖం వైపు నుంచి తీయండి. పక్కన చిన్న స్కేలు ఉంచితే సైజు తెలుస్తుంది.

చిన్న పిల్లలున్న ఇల్లు: ఏమీ కొనకండి. నిమ్మ మొక్కో కరివేపాకు మొక్కో కుండీలో ఉంటే చాలు. సీతాకోకచిలుక గుడ్డు పెట్టిన కొద్ది రోజులకు ఆకు మీద పిట్ట రెట్టలా కనిపించేది గొంగళిపురుగే. పెద్దయ్యాక అదే ఆకుపచ్చగా మారుతుంది. రోజూ ఒకే కోణం నుంచి, ఒకే వేళకు ఫోన్‌తో ఒక ఫొటో తీయమని పిల్లలకు చెప్పండి, తాకనివ్వకండి. ప్యూపా రంగు ముదిరి లోపలి రెక్కలు పైకి కనిపించిన రోజు పొద్దున్నే లేపండి.